చేప నుదుటి మీద పసుపు బొట్టు

నేను ఇరవై ఒక్క ఏళ్లు ఏ ఉద్యోగం చేశానో సిడ్నీ శివారు మా బ్లాక్‌టౌన్ తెలుగువాళ్లలో ముప్పాతిక మందికి ఇప్పటికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు. పుట్టినరోజు పార్టీల్లో ఎవరో ఒక ఐటీ కుర్రాడు పేపర్ ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడి మర్యాదకి అడిగేవాడు.

"అంకుల్, మీరు ఏ ఫీల్డ్‌లో ఉన్నారు?"

"స్టాండ్లు చేస్తాను బాబూ."

"టీవీ స్టాండ్లా?"

"కాదు. గరిటెలకి, చేటలకి, రోకళ్లకి."

అంతటితో అతనికి హఠాత్తుగా పెరుగు వడ ఎక్కడుందో వెతకాల్సిన పని పడేది.

కాబట్టి ఒక్కసారి విడమరిచి చెబుతాను. సిడ్నీలో హెలెన్ గారని ఒకావిడకి దుకాణం ఉంది. జపాన్ పల్లెటూళ్లలో వందేళ్ల కిందట ఇళ్లలో వాడి, తర్వాత అటకెక్కించిన సామాను ఆవిడ ఏరి తెస్తారు. మనకి రోలు, రోకలి, చేట, కుంచం, తక్కెడ ఎలాగో వాళ్లకీ అలాంటివే. ఆ సామానుని తెల్లగోడ ముందు నల్ల స్టాండు మీద నిలబెట్టి, పైనుంచి ఒక్క లైటు వేస్తే అది శిల్పమైపోతుంది. చూడవచ్చినవాళ్లు గొంతు తగ్గించి, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరుగుతారు. ఆ స్టాండు చేసేవాణ్ణి నేను. ఇనుప కడ్డీనో ఇత్తడి కడ్డీనో కాల్చి, వంచి, వస్తువు ఆనే చోట మెత్తటి గుడ్డ అంటించి, వస్తువు రంగే దానికీ వేసి, అసలు స్టాండు ఉన్న సంగతే తెలియకుండా చెయ్యాలి. బాగా చేస్తే ఎవరికీ కనపడదు, కనపడదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. పొగడ్తలు కావాలనుకునేవాళ్లు ఈ పనిలోకి రాకండి.

పోయిన చలికాలం రిటైరయ్యాను. మా వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లు నా అనుభవాలు రాసిపెట్టమన్నారు. జీతం ఎప్పుడు పెరిగింది, సెలవులు ఎన్ని మిగిలాయి లాంటివి ఇందులో దొరకవు. నేను చేసిన తప్పులు దొరుకుతాయి, అవి చాలినన్ని ఉన్నాయి. రాయడం మొదలుపెట్టాక నవ్వాపుకోలేక మూడుసార్లు కలం కింద పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆలస్యమైంది.

నేను తోమిన కెటిల్

పని నేర్చుకున్నది గుడివాడలో, మా మేనమామ లేత్ షాపులో. మా ఆవిడ పద్మకి సిడ్నీలో ఫైనాన్స్ ఉద్యోగం వచ్చి వీసా దొరికితే, ఆవిడ వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ నేనూ దిగాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఇంగ్లీషు అంతంతమాత్రం. హెలెన్ గారు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పగిలిన చెక్క గరిటె ఒకటి, ఇనుప కడ్డీ ఒకటి నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి గరిటె బల్ల మీద నిటారుగా నిలబడి ఉంది. "సోమవారం రా" అన్నారు. అంతే, ఉద్యోగం వచ్చేసింది.

మొదటి నెలలోనే ఒక ఇనుప కెటిల్ ఇచ్చారు. దాని అడుగంతా మసి. చుట్టూ మసి. నాకు చేతులు ఊరుకోలేదు. స్టాండు సంగతి తర్వాత అనుకుని, మధ్యాహ్నమంతా బూడిద, వైరు బ్రష్షు పెట్టి తోమాను. మా అమ్మ చూసుంటే ముచ్చటపడిపోయేది. ముఖం చూసుకునేలా మెరిపించి, హెలెన్ గారి బల్ల మీద పెట్టి, మెచ్చుకుంటారేమోనని పక్కనే నిలబడ్డాను.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ మాటలు తెలుగులోనే రాస్తాను, నా చెవికి అవి అలాగే గుర్తున్నాయి.

"కోటీ, దీన్ని ఏం చేశావు?"

"శుభ్రం చేశాను మేడమ్."

"మూడు తరాల పొగ అది. నేను కొన్నది ఆ పొగని. దాంతోపాటు కెటిల్ కూడా వచ్చింది."

తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికెళ్లి మర్చిపోయేవాణ్ణి. ఆ కెటిల్‌ని ఆవిడ అమ్మకుండా నా బల్ల ముందే పెట్టి, అందులో నా బ్రష్షులు వేసుకోమన్నారు. ఇరవై ఏళ్లు అది నా ఎదురుగా తళతళలాడుతూనే ఉంది. వస్తువు మీద చెయ్యి వేసే ముందు దానివైపు ఒకసారి చూసేవాణ్ణి. మీకు అలాంటి కెటిల్ లేకపోతే ఒకటి సంపాదించుకోండి, నా సలహా అదే.

భోజనాల బల్ల మీద వేలాడిన గరిటె

కొనేవాళ్ల గురించి ఒక్క ముక్క. మంచివాళ్లే. కాకపోతే ఆకారం నచ్చితే అది దేనికి వాడేవారో అడగరు. హెలెన్ గారి పద్ధతి ఏమిటంటే, అడిగితే చెప్పాలి, అడక్కపోతే ఊరుకోవాలి. ఆవిడంటే నాకు ఎంత గౌరవమున్నా ఈ విషయంలో మాత్రం ఆవిడతో పేచీయే.

ఒకావిడ పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె ఒకటి కొన్నారు. నిజంగానే అందమైనది, హంస మెడలా వంపు. దాన్ని భోజనాల బల్లకి సరిగ్గా నడిమధ్యన, పైనుంచి వేలాడదీయమన్నారు. నేను నిచ్చెనెక్కి బిగిస్తూ ఉంటే కింది నుంచి అడిగారు.

"దీంతో ఏం వడ్డించేవాళ్లంటావు?"

నిచ్చెన మీద ఉన్నవాడికి అబద్ధం చెప్పే ఓపిక ఉండదు.

"పొలానికి వడ్డించేవాళ్లండీ. మరుగుదొడ్డిలోంచి తోడి, ఎరువుగా."

ఆవిడ గరిటెను చూశారు, బల్లను చూశారు, బల్ల మీద అప్పుడే పెట్టిన చీజ్ పళ్లేన్ని చూశారు. తర్వాత కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. గరిటెను అక్కడి నుంచి తియ్యనివ్వలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి అతిథికీ, వాళ్లు సూప్ సగం తాగాక, ఆ కథ చెప్పేవారట. అప్పటి నుంచి హెలెన్ గారు అమ్మే ముందే అన్నీ చెప్పెయ్యడం మొదలుపెట్టారు. ఆవిడకి నేను నేర్పింది ఇదొక్కటే. ఆవిడ నాకు నేర్పింది లెక్కలేనంత.

నవమి సాయంత్రం

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది జరిగి పదకొండేళ్లయింది.

ఆ ఏడు దుకాణం కష్టాల్లో ఉంది. ఆ పేటలో అద్దెలు పెరిగిపోయి, పక్కనున్న పాత దుకాణాలు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. ఊళ్లో ఒక గ్యాలరీవాళ్లు హెలెన్ గారికి ఒక గది ఇచ్చారు. నలభై వస్తువులతో ప్రదర్శన. ఆవిడ నాతో తేటగా చెప్పేశారు. "ఇది నడిస్తే మనం ఉంటాం కోటీ. నడవకపోతే తలుపులు మూసేసి నేను టాస్మేనియాలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను." నాకు వెళ్లడానికి ఏ అక్కా లేదు. యాభై ఆరేళ్లవాడికి, అందులోనూ గరిటెలకి స్టాండ్లు చేయడం తప్ప ఇంకేమీ రానివాడికి, ఈ దేశంలో రెండో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ఆర్నెల్లు కష్టపడి నలభై స్టాండ్లు చేశాను. మట్టం పెట్టి చూస్తే వెంట్రుక వాసి తేడా లేదు. హెలెన్ గారు మాత్రం వాటి చుట్టూ తిరిగి, "తప్పేమీ లేదు. కానీ అన్నీ నిద్రపోతున్నాయి" అనేవారు. లేపేదెలాగో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

ప్రదర్శన ఇంకా ఎనిమిది రోజులుందనగా మహర్నవమి వచ్చింది. లేత్ షాపులో పెరిగినవాడికి ఆయుధపూజ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఏటా నా సుత్తులకీ, పట్టకారులకీ, వెల్డింగ్ మెషీన్‌కీ బొట్లు పెట్టుకునేవాణ్ణి. హెలెన్ గారికి అది ఇష్టం కూడా. ఆ సాయంత్రం ఆవిడ గ్యాలరీకి వెళ్లారు. నేను పసుపు తడిపి, కుంకుమ పొట్లం విప్పి, అగరొత్తులు వెలిగించి, పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాను. పెట్టి తలెత్తితే పెద్ద బల్ల మీద నలభై వస్తువులూ వరసగా ఉన్నాయి.

రోలు, రోకలి, చేట. వడ్ల కుంచం. తక్కెడ కోల. నూలు చుట్టే చట్రం. చివర్న చేప. పొయ్యి మీద కెటిల్ వేలాడదీసే కడ్డీకి, ఎత్తు పెంచడానికీ తగ్గించడానికీ తాడుకి కట్టిన ఒక అడ్డచెక్క ఉంటుంది, దాని చిల్లులోంచి కడ్డీ జారుతుంది. దాన్ని చేపలా చెక్కేవారు, నిప్పుకి నీటిప్రాణి కాపలా ఉంటుందని. మూరెడు పొడుగు, తరాల పొగకి కాటుకలా నల్లబడిన చేప. మా ప్రదర్శనకి పెళ్లికూతురు అదే.

నాకేమనిపించిందో దాచకుండా చెబుతాను. పాపం, ఇవి కూడా పనిముట్లే కదా, ఇన్నేళ్లు ఎవరి కోసమో చాకిరీ చేశాయి, వీటికి ఒక్క నవమి కూడా జరగలేదే అనిపించింది. గుండె నిండిపోయింది. గిన్నెలో పసుపు కూడా మిగిలింది.

నలభైకీ పెట్టాను. ఒక్కదానికి కూడా అన్యాయం చెయ్యలేదు. చేపకి మాత్రం కాస్త పెద్దది, నుదుటి మీద. దండం పెట్టుకుని, తాళం వేసి, పాట పాడుకుంటూ రైలెక్కి ఇంటికి పోయాను.

"ఎన్ని?"

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి హెలెన్ గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్ని?" అన్నారు.

"నలభై."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. సమానంగా."

ఆ సమానంగా అన్న ముక్క ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. కుంకుమ పొడిగా ఉంది కాబట్టి మెత్తటి కుంచెతో దులిపితే పోయింది. ఇనుప వస్తువుల మీద పసుపు కూడా తుడిస్తే పోయింది. చెక్కవీ వెదురువీ ముప్పై ఒకటి. పాత చెక్క దాహంతో ఉంటుంది. తడిపసుపును గటగటా తాగేసింది. బల్ల మీద ముప్పై ఒక్క పసుపు చందమామలు.

పురాతన వస్తువులు బాగుచేసే నిపుణుడికి ఫోన్ చేశాం. ఆయన, స్పిరిట్ పెట్టి తీయొచ్చు గానీ దాంతోపాటు మసి కూడా వస్తుందన్నాడు. నా బల్ల మీద కెటిల్ ధగధగ మెరుస్తోంది. ఇద్దరం ఒకేసారి దానివైపు చూసి తల తిప్పుకున్నాం.

నేను పద్మకి ఫోన్ చేసి ఉద్యోగం పోయినట్టే అన్నాను. అవతల మా అత్తగారు ఫోన్ లాక్కున్నారు. రాఘవమ్మ గారు, తెనాలి మనిషి. మాతోనే ఉంటున్నారు.

"ఏవిటి బాబూ, పసుపు మరకలేనా? దానికింత గాభరా ఏవిటి? ఎండలో పడెయ్యండి. పసుపు ఎండకి నిలవదు. అమ్మాయి పెళ్లిలో తెల్ల పంచెలకి అయినవన్నీ ఎలా పోయాయనుకున్నారు?"

ఈ మాట హెలెన్ గారికి చెబితే ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ కిటికీల తెరలు ఎత్తలేదు. ఎండ తగిలితే వెదురు చిట్లుతుంది, చెక్క పగులుతుంది. ఆ మాట అత్తగారికి చేరవేశాను.

"అయితే మరక ఒక్కదానికే తగలనివ్వండి. మిగతాదంతా బట్ట కప్పండి. ఆపాటి తెలియదా?"

హెలెన్ గారు లేచారు. "ఈవిడకే ముందు ఫోన్ చెయ్యాల్సింది" అన్నారు. కానీ బయట చూస్తే సముద్రం వైపు నుంచి మబ్బు పట్టేసి, సన్నగా చినుకులు. పద్మని అడిగాను. "ఇక్కడ మాడిపోతోంది" అంది. మా పడమటి పేటల సంగతి అంతే, ఊరంతా తడుస్తున్నా మాకు మాత్రం ఎండే. ముప్పై ఒక్క వస్తువుల్నీ దుప్పట్లలో చుట్టి వ్యాన్‌లో వేసుకుని, ప్రదర్శన ఏడు రోజులుందనగా మేం ఎండని వెతుక్కుంటూ బ్లాక్‌టౌన్ బయల్దేరాం.

లుంగీలు కట్టిన శిల్పాలు

మా ఇంటి వెనక గడ్డి మీద పట్టా పరిచి ఉంది. అత్తగారు అప్పటికే నా లుంగీలు మూడు, పాత పంచె ఒకటి చింపి ముక్కలు చేసి సిద్ధంగా ఉన్నారు. ప్రతి ముక్కకీ మధ్యలో కత్తెరతో ఒక చిల్లు. రోకలికి లుంగీ కట్టారు, కుంచానికి లుంగీ కట్టారు, చేపకి గళ్ల లుంగీ. చిల్లుల్లోంచి పసుపు బొట్లు ఎండలోకి తొంగిచూస్తున్నాయి. సిడ్నీలో ఇంతకంటే ఖరీదైన లుంగీలు ఎవరూ కట్టి ఉండరు. హెలెన్ గారు వెడల్పు టోపీ పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ కొంచెం కొంచెం చేశారు.

ఆకలి సంగతి గుర్తొచ్చి అత్తగారు లోపలికెళ్లి అందరికీ దోసెలు పొయ్యడం మొదలుపెట్టారు. అప్పుడే దిగాయి కాకతువా చిలకలు. తెల్లవి, పసుపు తురాయివి, గుంపుగా. ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, వాటికి చెక్క కనిపిస్తే నోరు ఊరుకోదు. మెట్ల పక్క చెక్క కమ్మీలే కొరికేస్తాయి. ఒకటి వెళ్లి రోకలి మీద వాలి, లుంగీ పక్కకి లాగి, రుచి చూడ్డం మొదలుపెట్టింది. హెలెన్ గారు కుర్చీలోంచి లేవబోయి టోపీతో సహా పడ్డారు. నేను అరిచాను. అది నావైపు తల వంచి చూసి మళ్లీ కొరికింది.

వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. డెబ్బై ఏడేళ్ల మనిషి అంత వేగంగా రావడం నేను చూడలేదు. చేతిలో అట్లకాడ. తెనాలి నుంచి చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్న ఇనుప అట్లకాడ అది, ఆవిడ పెళ్లినాటిది.

"ఓరి నీ దుంప తెగ, నీకు వేరే రోకలే దొరకలేదంట్రా" అంటూ విసిరారు.

పక్షికి తగల్లేదు గానీ గుంపంతా లేచిపోయింది. అట్లకాడ ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం ఆవిడ నిమ్మచెట్టు కింద, నీళ్ల ట్యాంకు వెనక, ఆఖరికి పక్కింటివాళ్ల తోటలో కూడా వెతికారు. దొరకలేదు. కాకతువా ఎత్తుకుపోయిందని మా ఇంట్లో తీర్పు అయిపోయింది. రోకలి మీద ముక్కు గాటు ఉండిపోయింది. హెలెన్ గారు దాన్ని వివరాల చీటీలో నిజాయితీగా రాశారు కూడా: ఇటీవలి గాటు, కాకతువా.

ఒరిగితేనే పట్టు

ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నదాని కోసమే ఇదంతా రాస్తున్నాను, కాబట్టి ఇక్కడ నవ్వు కాస్త ఆపి చదవండి.

అరగంటకోసారి వస్తువుల్ని ఎండ జరిగిన వైపు తిప్పాలి. నేను తెల్ల చేతితొడుగులతో, నడుము దగ్గర బరువు చూసుకుని, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తేవాణ్ణి. అత్తగారు అలా కాదు. ఏది ఎత్తినా వాడేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకునేవారు. చేట తీసుకుంటే రెండు చేతులూ వాటంతటవే వెనక అంచుకి వెళ్లేవి, ముందు అంచు కిందికి వాలేది. తక్కెడ కోలని వేలికి తగిలించుకుంటే అది ఒక పక్కకి దిగి ఆగేది. ఆవిడ చేతిలోకి వెళ్లగానే ప్రతి వస్తువూ నిద్ర లేచేది.

చేప దగ్గర ఆవిడ ఆగారు. అలాంటిది ఎప్పుడూ చూడలేదు. తాడు పట్టుకుని ఎత్తి, చేపని కొంచెం లేపారు. కడ్డీ జారింది. వదిలారు. చేప ఒక పక్కకి ఒరిగి కడ్డీని గట్టిగా పట్టేసింది.

"ఒరిగితేనే పట్టు బాబూ ఇది. మీరు దీన్ని తిన్నగా ఎందుకు నిలబెట్టారు?"

మట్టం పెట్టి మరీ తిన్నగా నిలబెట్టిన నలభై స్టాండ్లు కళ్లముందు తిరిగాయి. తల తిప్పి చూస్తే హెలెన్ గారు కూడా కుర్చీలోంచి ముందుకి వంగి అత్తగారి చేతులనే చూస్తున్నారు. ఆవిడకి తెలుగు రాదు. అనువదించాల్సిన అవసరం కూడా రాలేదు.

"కోటీ, ఎన్ని స్టాండ్లు మళ్లీ చెయ్యగలవు?"

"ఎన్ని రోజులున్నాయి?"

"వచ్చే శనివారం దాకా."

"అయితే నలభై."

ఆదివారమంతా అత్తగారు ఒక్కొక్క వస్తువూ పట్టుకుని నిలబడ్డారు, నేను ఆ చేతుల బొమ్మలు గీసుకున్నాను. ఏ వేలు ఎక్కడ, ఎంత వంపు. ఇనుప వస్తువుల్ని కూడా మర్నాడు ఆవిణ్ణి దుకాణానికి తీసుకెళ్లి పట్టించాను. ఐదు రోజులు పాతవి కోసి, వంచి, మళ్లీ అతికించాను. స్టాండు అంటే చెయ్యి, అంతకుమించి ఈ పనిలో రహస్యమేమీ లేదు. వస్తువు చివరిసారి ఎవరి చేతిలో ఉందో, ఆ చెయ్యి తీసేసి దాని చోట ఇనప్పుల్ల పెట్టడమే మన పని. బరువు సరిచూడ్డం ఎవరైనా నేర్పుతారు. ఆ చెయ్యి ఎక్కడుందో వెతుక్కోవడం ఎవరికి వాళ్లే చెయ్యాలి. వాడటం తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే ముందు వాళ్లని అడగండి.

బొట్లు దాదాపు అన్నీ పోయాయి. చేప నుదుటి మీద మాత్రం, చూపిస్తే తప్ప తెలియనంత లేతగా ఒకటి మిగిలింది. నేను ఇంకో రోజు ఎండ పెడతానన్నాను. "ఉండనీ" అన్నారు హెలెన్ గారు.

ప్రదర్శన నడిచింది. జనం గొంతులు తగ్గించుకుని రాలేదు, చేటల ముందు నిలబడి గాలిలో చేతులు ఊపి చూసుకున్నారు, వాళ్ల అమ్మమ్మల గురించి పక్కవాళ్లతో చెప్పుకున్నారు. దుకాణం ఇంకా ఉంది. టాస్మేనియా అక్కగారే అప్పుడప్పుడూ ఇటు వస్తుంటారు.

ఆఖరి సాయంత్రం

రిటైరైన రోజు హెలెన్ గారు టీ ఏర్పాటు చేశారు. ఎనభై దాటాయి ఆవిడకి, ఇప్పటికీ కప్పులు ఆవిడే కడుగుతారు. దుకాణం గోడ ముందు ఒక వస్తువు, దాని మీద తెల్లబట్ట.

"ఇన్నేళ్లలో నేను అమ్మకుండా ఉంచుకున్నది ఇదొక్కటే కోటీ. నీ పెరట్లోంచి తిరిగొచ్చినప్పుడు దుప్పట్లలో దొరికింది. నంబరు లేదు. జపాన్ పెట్టెల అడుగున ఎప్పటినుంచో ఉండి ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ఇద్దరు నిపుణుల్ని అడిగాను. ఒకరు బొగ్గులు గీరేదన్నారు, ఇంకొకరు గోడకి సున్నం మెత్తేదన్నారు. కాడ మీద చుక్కలతో గుండ్రటి ముద్ర ఉంది, చేసినవాడిది కాబోలు, ఎవరూ చదవలేకపోయారు. స్టాండు నేనే చేశాను. నవ్వకు."

బట్ట తీశారు. నల్లటి ఇనుము, ఒక పక్క అంచు అరిగి అరిగి పల్చబడి, ఒక్క లైటు కింద ఏదో పక్షి రెక్కలా నిలబడి ఉంది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నేను కూడా గుర్తుపట్టలేదు. ఇంత అందమైనదాన్ని ఎప్పుడూ చూడలేదే అనుకున్నాను.

తర్వాత కాడ మీది చుక్కలు చూశాను. గిన్నెల కొట్టులో పేరు కొట్టించిన చుక్కలు. సగం అరిగిపోయాయి. మిగిలిన సగం, ఘవమ్మ.

నవ్వు ఆగక స్టూలు మీద కూలబడ్డాను. ఆ పొద్దున ఆవిడ కూర్చున్న స్టూలే. హెలెన్ గారు కంగారుపడి, "ఏమిటి కోటీ, అంత బాగాలేదా?" అన్నారు. నేను మాట్లాడలేక ఇంటికి వీడియో కాల్ చేసి ఫోన్‌ని గోడవైపు తిప్పాను.

"అదేవిటి, నా అట్లకాడ అక్కడుందేవిటి?" అన్నారు అత్తగారు. ఎనభై ఎనిమిదేళ్ల గొంతు, దుకాణమంతా వినపడింది. "దాని కోసం చీకటిపడే దాకా తోటంతా గాలించానే. పదకొండేళ్లుగా ఈ స్టీలుదాంతో తిప్పుతుంటే దోసెలు చిరిగిపోతున్నాయి. ఆవిణ్ణి తీసుకుని ఆదివారం రండి. అది మాత్రం మర్చిపోకండి."

నిచ్చెన మీది నియమం ప్రకారం అన్నీ చెప్పేశాను. మొత్తం వ్యాపారంలో ఒక్కటి, ఒకే ఒక్కటి ప్రాణంగా దాచుకున్న వస్తువు, మా ఇంటి దోసెల అట్లకాడ. హెలెన్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఇద్దరం కలిసి కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సినంత నవ్వాం.

ఆదివారం వచ్చారు. స్టాండుతో సహా తెచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టారు. అత్తగారు స్టాండు వైపు కన్నెత్తి కూడా చూడకుండా అట్లకాడ లాక్కుని, కడిగి, పెనం మీద పిండి పోసి, అంచు కింద పెట్టి ఒక్క తోపుతో తిప్పారు. దోసె చిరగలేదు. హెలెన్ గారి ముందు పళ్లెంలో వేసి ఇంకోటి పోశారు.

హెలెన్ గారు తినలేదు. ఆ మణికట్టునే చూస్తున్నారు. రెండో దోసె తిరిగింది, మూడోది తిరిగింది. అప్పుడు నావైపు వంగి మెల్లగా అన్నారు.

"నా స్టాండు తప్పు కోటీ. ఇంకాస్త వంచాల్సింది."

"ఏవంటున్నారు ఆవిడ?" అన్నారు అత్తగారు.

చెప్పాను.

"వంచుకోవచ్చు లెండి. ముందు తినమనండి, చల్లారిపోతోంది."